చిత్రిక మిషన్‌తో పాటు తెలుగు కాగితం ఒకటి ఇవ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ లేఖల పేజీలో ఒక ఇంటాయన రాసింది చదివాను. వేప చెక్కతో చేయించిన తలుపుల మీద చెయ్యి పెడితే పేళ్ళు గుచ్చుకుంటున్నాయనీ, మిషన్లు వచ్చాక వడ్రంగం చెడిపోయిందనీ ఆయన బాధ. బాధ నిజమే, తీర్పుతోనే నాకు పేచీ. తాడేపల్లిగూడెంలో గుమ్మాలు, కిటికీలు చేసే చిన్న షెడ్డు మాది. మా నాన్న చేత్తో చిత్రిక పట్టిన చోటే నేను చెక్కని నున్నగా చెక్కే ఆరంగుళాల చిత్రిక మిషన్ పెట్టుకున్నాను. అందులోంచి వేప తలుపు చెయ్యి జారేంత నున్నగా వస్తుంది. పేళ్ళు లేచిన తలుపూ అలాంటి మిషన్‌లోంచే వస్తుంది. తేడా అంతా దాని బ్లేడ్ల బిగింపులో ఉంది.

వేపతో చిక్కేమిటంటే దాని నార ఒక్క దిక్కుకే సాగదు. ఒక పొర ఇటు వాలితే పక్క పొర అటు వాలుతుంది. బ్లేడు వాలు వెంట పోతే కోస్తుంది, ఎదురెక్కితే కొయ్యకముందే నారను లేపి చీలుస్తుంది. అందుకే చెక్కను మిషన్ ఎక్కించే ముందు దాని పక్క అంచు ఒకసారి చూసుకోవాలి. అంచు మీది చారలు మన వైపు వచ్చేకొద్దీ కిందికి, బల్ల మీదికి దిగుతుండాలి. పైకి లేస్తుంటే అటు కొస ఇటు తిప్పి పెట్టాలి. మంచి టేకుకు చాలావరకు ఇంతే సరిపోతుంది. వేపకీ ఏగిసకీ సరిపోదు, ఎటు తిప్పినా ఎక్కడో ఒకచోట ఎదురు తగులుతూనే ఉంటుంది.

ఇక బ్లేడ్లు. ఈ మిషన్‌కి రెండు బల్లలు, ఒకటి చెక్క ఎక్కే వైపు, ఒకటి దిగే వైపు. మధ్యలో తిరిగే డ్రమ్ముకి మూడు బ్లేడ్లు. ఎక్కే వైపు బల్లని ఎంత దించితే అంత లోతు కోస్తుంది. దిగే వైపు బల్ల మాత్రం బ్లేడు కొనకు సమానంగా ఉండాలి. బల్ల ఎత్తయితే చెక్క దాని అంచుకు తట్టుకుంటుంది, పల్లమైతే చివరి రెండు మూడంగుళాలు గుంట పడుతుంది. చిన్న మిషన్లలో చాలావాటికి ఆ బల్ల కదలదు కాబట్టి బ్లేడ్లనే దానికి సరిపెట్టుకోవాలి.

దానికి ఖరీదైన గేజీ ఏదీ అక్కర్లేదు. ముందు ప్లగ్గు పీకెయ్యాలి. తిన్నని టేకు బద్ద ఒకటి దిగే వైపు బల్ల మీద, కొస డ్రమ్ము మీదికి వచ్చేలా పెట్టి, బల్ల అంచు దగ్గర బద్ద మీద పెన్సిల్ గీత గీయాలి. డ్రమ్ముని చేత్తో మెల్లగా, మిషన్ తిరిగే దిక్కుకే తిప్పాలి. బ్లేడు బద్దని కాస్త ఎత్తి ఎక్కే వైపుకి ఈడ్చి వదిలేస్తుంది. మళ్ళీ గీత గీయాలి. రెండు గీతల మధ్య 3 మిల్లీమీటర్లు ఉంటే బ్లేడు సరిగ్గా ఉన్నట్టే. అసలు ఈడవకపోతే బ్లేడు పల్లం, బాగా ఈడిస్తే ఎత్తు. ప్రతి బ్లేడుకీ ఈ చివరా ఆ చివరా చూడాలి. స్క్రూలు బిగిస్తుంటే బ్లేడు దానంతటదే పైకి పాకుతుంది, అందుకని మధ్య స్క్రూతో మొదలుపెట్టి కొంచెం కొంచెంగా బిగించి మళ్ళీ బద్ద పెట్టి చూసుకోవాలి. ఓపిక లేని వాడికి ఇక్కడే చిరాకు పుడుతుంది.

ఇంత చాదస్తం దేనికంటారా? లెక్క చెబుతాను. డ్రమ్ము నిమిషానికి 5,000 చుట్లు తిరిగితే మూడు బ్లేడ్లకీ కలిపి 15,000 కోతలు. చెక్కని నిమిషానికి 3 మీటర్లు తోస్తే ఒక్కో కోతకి చెక్క ముందుకు జరిగేది 0.2 మిల్లీమీటరు. ఒక్క బ్లేడు ఎత్తుగా ఉండి మిగతా రెండూ ఊరికే తిరుగుతుంటే అదే 0.6 అవుతుంది. అంత పెద్ద కోత ఎదురు నార మీద పడితే పేడు లేవక ఏం చేస్తుంది? తొందరపడి రెట్టింపు వేగంతో తోస్తే 1.2. చూసేవాళ్ళు మాత్రం చెక్క మంచిది కాదంటారు.

మిగతావి చిన్న సంగతులే. వేపకి ఒక దెబ్బకి అర మిల్లీమీటరు మించి తియ్యకూడదు, ఆఖరి దెబ్బ పావు చాలు. కణుపు దగ్గర మొండికేస్తే తడిగుడ్డతో తుడిచి, రెండు నిమిషాలాగి తోస్తే నార మెత్తబడి లొంగుతుంది. తర్వాత బల్ల మీది తడి తుడవకపోతే తుప్పు ఖాయం. అప్పటికీ లొంగని కణుపుకి మా నాన్న చేసినట్టే గాజు పెంకుతో గీకుతాను, ఇందులో నామోషీ ఏమీ లేదు. బ్లేడు అంచుని లైటు కింద పెట్టి చూస్తే తెల్లటి గీత మెరిసిందా, అది మొద్దుబారినట్టే. టేకులో ఇసుక లాంటి పదార్థం ఉంటుంది, దాన్ని ఎక్కువగా కోసే వాళ్ళ బ్లేడ్లు ఇంకా తొందరగా పోతాయి.

ఇవన్నీ నాకు మిషన్ అమ్మిన కొట్టులో ఎవరూ చెప్పలేదు. ఒక ప్లైవుడ్ ముక్క అంచు తోసి చూపించి, "అంతేనండి, ఇంకేం లేదు" అన్నారు. పెట్టెలో ఉన్న పుస్తకంలో తెలుగు ఒక్క ముక్క లేదు. ప్లైవుడ్‌లో వేప నార ఎక్కడుంటుంది?

కేంద్రం 2023 సెప్టెంబర్ 17న మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఉంది. పనిముట్లకి 15,000 రూపాయల దాకా వోచరు, 5 శాతం వడ్డీకి మొదటి విడతగా లక్ష రూపాయల దాకా అప్పు, ప్రాథమిక శిక్షణ ఐదు నుంచి ఏడు రోజులు, ఆ రోజులకి 500 చొప్పున భృతి. మంచిదే. ఆ రోజుల్లో ఒక పూట బ్లేడ్లు విప్పించి బిగించడం నేర్పమనండి. అదీ మన వేప, మన మామిడి మీద. మిషన్లు అమ్మే కొట్లవాళ్ళు ఒక్క పేజీ తెలుగు కాగితం అచ్చేసి పెట్టెలో పడేస్తే వాళ్ళకయ్యే ఖర్చు ఎంతని? ఆ ఇంటాయన కూడా తన వడ్రంగిని మిషన్ ఎందుకు వాడావని కాకుండా బ్లేడ్లు ఎప్పుడు సరిచూశావని అడిగితే బాగుంటుంది.

ఆ కాగితం వేస్తే మొదటి వరుసలోనే ఇది వేయించండి: అడుగుకి తక్కువ పొడవున్న ముక్కని ఈ మిషన్ మీద పెట్టకూడదు, బ్లేడు మీది మూత తీసి పని చెయ్యకూడదు, చెక్కని అరచేత్తో కాకుండా తోపుడు చెక్కతో తొయ్యాలి, చేతికి గ్లౌజులు వేసుకోకూడదు. గ్లౌజు రక్షణ అనుకుంటారు చాలామంది. బ్లేడుకి గుడ్డ దొరికితే దానితో పాటు చేతినీ లాక్కుపోతుంది.

ఇట్లు,
ఒక వడ్రంగి,
తాడేపల్లిగూడెం