ఉద్దానం కిడ్నీ రీసెర్చ్‌కి కావాల్సింది మైనస్ 80 ఫ్రీజర్, ఆగని కరెంటు

ఎడిటర్ గారికి నమస్కారం. ఉద్దానం కిడ్నీ జబ్బు మీద మీ పేపర్లో వచ్చేవన్నీ చదువుతున్నాను సార్, నీళ్ల గురించి రాశారు, డయాలసిస్ బెడ్ల గురించి రాశారు, పలాసలో 2023 డిసెంబర్‌లో మొదలైన రీసెర్చ్ సెంటర్, 200 పడకల హాస్పిటల్ గురించీ రాశారు, కానీ రీసెర్చ్ అంటే ల్యాబ్ లోపల ఏం కావాలో ఎవరూ రాయట్లేదు. నేను శ్రీకాకుళంలో ఒక ల్యాబ్‌లో బయోకెమిస్ట్రీ పని చేస్తాను కాబట్టి చెప్తున్నాను.

కిడ్నీ ఎలా ఉందో చూడ్డానికి మనోళ్లందరికీ తెలిసిన రక్త పరీక్ష క్రియాటినిన్. అది కండని బట్టి మారుతుంది, జీడితోటల్లో కూలికెళ్లే బక్కపల్చటి మనిషికి కిడ్నీ కొంత దెబ్బతిన్నా రిపోర్టు నార్మల్ అని వచ్చేయొచ్చు. అందుకే రీసెర్చ్‌లో సిస్టాటిన్ సి, ఎన్‌గాల్ లాంటి ప్రొటీన్లు కూడా చూస్తారు. సిస్టాటిన్ సి కండ మీద పెద్దగా ఆధారపడదు, ఎన్‌గాల్ అయితే కిడ్నీకి దెబ్బ తగిలిన కొన్ని గంటల్లోనే యూరిన్‌లో పెరుగుతుంది. వీటిని ఎలైజా అనే ల్యాబ్ టెస్టులో కొలవాలంటే ముందు ఎంతుందో తెలిసిన ప్రొటీన్ మన చేతిలో ఉండాలి, దాంతో పోల్చే పేషెంట్ లెక్క చెప్తాం. అదే రీకాంబినెంట్ హ్యూమన్ ప్రొటీన్, అంటే మనిషి జీన్‌ని బ్యాక్టీరియాలోనో పెంచిన కణాల్లోనో పెట్టి వాటి చేత తయారు చేయించి శుద్ధి చేసింది. 1982లో మందుగా వచ్చిన హ్యూమన్ ఇన్సులిన్ ఇలా చేసిందే, డయాలసిస్ వాళ్లకి రక్తం పెరగడానికి ఇచ్చే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షనూ ఇలా చేసిందే. కాకపోతే ల్యాబ్‌కొచ్చే వయల్ (చిన్న సీసా) మీద రీసెర్చ్ వాడకానికి మాత్రమే అని ఉంటుంది. అది మందు కాదు, ప్యూరిటీ 95 శాతం దాటిందని రాసున్నా సరే మనిషికి ఎక్కించకూడదు, మందుకి చేసే ట్రయల్స్, పర్మిషన్లు దానికి ఉండవు. తక్కువ ధరకి దొరుకుతుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దని ఈ ఒక్క ముక్క పెద్దక్షరాల్లో వేయండి సార్.

ఆ వయల్‌లో ఉండేది 10 మైక్రోగ్రాములు, 50 మైక్రోగ్రాములు. ఖాళీ సీసా పంపారేంటి అని కొత్తగా చేరిన పిల్లలు అడుగుతారు, వెలుతురులో తిప్పి చూస్తే అడుగున పల్చటి తెల్ల పొర కనిపించొచ్చు, కనిపించకపోవచ్చు కూడా. మూతకి అంటుకుని పోతుందని తెరిచే ముందే సెంట్రిఫ్యూజ్ అనే మెషీన్‌లో వేగంగా తిప్పి అడుక్కి దించుతాం. పొడిగా ఉన్నన్నాళ్లు కాస్త వేడికి ఓర్చుకుంటుంది, లిక్విడ్‌గా వచ్చేవీ మనం కలిపినవీ ఓర్చుకోవు, చిన్న చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టాలి, ఒకసారి కరిగినదాన్ని మళ్లీ గడ్డ కట్టించకూడదు. మాకు రావాల్సిన ఒక పార్సిల్ శనివారం ఊళ్లోకొచ్చి సోమవారం దాకా కొరియర్ ఆఫీసులోనే పడుంది, థర్మోకోల్ డబ్బా తెరిస్తే జెల్ ప్యాకులు మెత్తగా వెచ్చగా ఉన్నాయి. దాన్ని వాడలేదు, పక్కన పెట్టేశాం, డబ్బు పోయింది.

వాడితే ఏమవుతుందంటే, జీడిపిక్కలు తూచే కాటాలో కిలో రాయి అరిగి అరకిలో అయితే అర బస్తా పిక్కలు బస్తా అని చూపిస్తుంది కదా, అదే ఇక్కడా. పోల్చడానికి పెట్టుకున్న ఆ ప్రొటీన్ (స్టాండర్డ్) సగం పాడైతే పేషెంట్‌ది రెండింతలు కనిపిస్తుంది. బాగున్న మనిషి జబ్బు లిస్టులోకి ఎక్కుతాడు, సర్వే మొత్తం తప్పవుతుంది, దాన్ని పట్టుకుని నీళ్లదే తప్పు, మట్టిదే తప్పు అని మళ్లీ కొట్టుకుంటాం. ఇన్నేళ్లుగా కారణం తేలని జబ్బుకి ఇంకో తప్పుడు లెక్క తోడవడం నాకు భరించరానిది.

ఇక కరెంటు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి, స్తంభాలన్నీ పడిపోయాయి. అలాంటప్పుడు ఫ్రీజర్‌లో ఉన్న ప్రొటీన్లే కాదు, జనం దగ్గర తీసుకున్న రక్తం, యూరిన్ శాంపిళ్లు కూడా పోతాయి. ప్రొటీన్ మళ్లీ కొనుక్కోవచ్చు, చనిపోయిన మనిషి శాంపిల్ మళ్లీ రాదు.

నేను అడిగేది పెద్దది కాదు. పలాసలోనో, ఎచ్చెర్ల యూనివర్సిటీలోనో జిల్లా ల్యాబులన్నీ వాడుకునేలా ఒక మైనస్ 80 ఫ్రీజర్ల గది పెట్టండి, జనరేటర్, టెంపరేచర్ పెరిగితే ఫోనుకి మెసేజ్ వచ్చే అలారం ఉండాలి, విశాఖ నుంచి చల్లటి పెట్టెలో అదే రోజు తెచ్చే బండి ఉండాలి. రీసెర్చ్ గ్రాంట్లలో మెషీన్లకి డబ్బు రాస్తారు, వాటిని నడిపే డీజిల్‌కి రాయరు, అది కూడా రాయండి. అక్టోబర్, నవంబర్ మనకి తుఫాన్ల నెలలు, ఆ లోపు డీజిల్ ఎవరు పోయించాలో, రాత్రి అలారం మోగితే ఎవరు వెళ్లాలో అధికారులు కాగితం మీద పెట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ల్యాబ్ ఉద్యోగి, శ్రీకాకుళం