ఎవర్ని అడిగారో కూడా అచ్చేయండి

సంపాదకుల వారికి,

అమెరికాలో ఒక రాష్ట్రంలో పార్టీ ప్రైమరీకి (పార్టీ అభ్యర్థి ఎవరో ఓటర్లే తేల్చే ఎన్నిక) ముందు చేసిన సర్వే గురించి మీ పత్రిక లోపలి పేజీలో చిన్న వార్త వచ్చింది. ఒకరికి ఇంత శాతం, ఇంకొకరికి ఇంత శాతం, అంతే. ఎంతమందిని అడిగారు, ఏ తేదీల్లో అడిగారు, వాళ్లకు ఆ ప్రైమరీలో అసలు ఓటుందా? ఒక్క ముక్క లేదు. మా గ్రీంస్‌పేటలో చాలామంది పిల్లలు అమెరికాలోనే ఉన్నారు కాబట్టి టీ కొట్టు దగ్గర దానిమీద పెద్ద వాదనే నడిచింది. అక్కడ ఓటు లేని మా అల్లుడు కూడా ఫోన్లో ఆవేశపడ్డాడు, అది వేరే సంగతి.

నేను గణాంక శాఖలో పనిచేసి రిటైరయ్యాను. దిగుబడి లెక్కకట్టే పంట కోత ప్రయోగానికి వెళితే ఏ సర్వే నంబరు, చేనులో ఏ చోటు అనేది లాటరీలా తీసే ర్యాండమ్ నంబర్లే చెప్పాలి. అక్కడ అయిదు మీటర్లకు అయిదు మీటర్లు తాడు కట్టి, శెనక్కాయ చెట్లు పీకి తూకం వేసేవాళ్లం. ఇన్సూరెన్స్ వస్తుందని రైతు “ఈ మూల చూడండి సార్, ఏమీ కాయలేదు” అనేవాడు. పైఅధికారికేమో పచ్చగా ఉన్న చోటే కనపడేది. ఇద్దరి మాటా వినకపోవడమే మా ఉద్యోగం.

ప్రైమరీ సర్వేలో వచ్చిన చిక్కేమిటంటే, ఆ చేనికి గట్లే తెలియవు. అసలు ఎన్నికకు వచ్చినంతమంది ప్రైమరీకి రారు. ఎవరు వస్తారో సర్వే చేసేవాళ్లు ఊహించుకోవాల్సిందే. పైగా రాష్ట్రానికో రూలు. పెన్సిల్వేనియాలో ఆ పార్టీ ఓటరుగా నమోదైనవాళ్లే ఓటేయాలి. మిషిగన్‌లో ఆ నమోదే లేదు, ఏదో ఒక పార్టీ బ్యాలెట్ అడిగి తీసుకోవచ్చు. 2016 మార్చిలో అక్కడి డెమోక్రటిక్ ప్రైమరీలో హిల్లరీ క్లింటన్ సగటున సుమారు 20 పాయింట్లు ముందున్నారని సర్వేలు చెబితే, బెర్నీ శాండర్స్ గెలిచారు. సరిపోల్చుకోవడానికి పాత లెక్క కూడా సరైనది లేదు. 2008లో ప్రైమరీ తేదీ మీద పార్టీతో వచ్చిన తగాదా వల్ల అక్కడి బ్యాలెట్ మీద ఒబామా పేరే లేకపోయె!

మనకు ప్రైమరీలు లేవు. వాటి బదులు టికెట్ ఎవరికివ్వాలని పార్టీ నుంచి ఫోన్ వస్తుంది. “మీ నియోజకవర్గంలో అభ్యర్థిగా ఫలానా వారైతే 1 నొక్కండి, ఫలానా వారైతే 2 నొక్కండి.” అంతకుముందే వాట్సాప్ గ్రూపుల్లో మెసేజ్ తిరుగుతుంది, కాల్ వస్తే కట్ చేయకండి, మన అన్నకు 2 నొక్కండి అని. మా ఇంట్లో ఒకసారి ఆ కాల్ ఎత్తింది రెండో తరగతి చదివే మనవరాలు. ఆట ఆగిపోయిందన్న విసుగులో ఆ గొంతు మాట పూర్తయ్యేలోగా 2 నొక్కేసింది. ఆ పార్టీ లెక్కలో తనూ చిత్తూరు ఓటరే.

అమెరికాలో సర్వే లెక్క తప్పితే కొద్ది రోజుల్లోనే బ్యాలెట్ బయటపెడుతుంది. 2008లో న్యూహాంప్‌షైర్‌లో ఒబామాదే గెలుపని చెప్పి బోల్తాపడ్డాక, సర్వేలు చేసేవాళ్ల సంఘమే విచారణ జరిపి నివేదిక ఇచ్చింది. మన దగ్గర టికెట్ సర్వే తప్పో ఒప్పో తేల్చే ఓటింగే లేదు. టికెట్ వచ్చినాయన సర్వేలో నేనే ఫస్ట్ అంటాడు, రానాయనా అదే అంటాడు. మీరు ఇద్దరిదీ అచ్చేస్తారు. చట్టం పట్టించుకోదా అంటే, ప్రజాప్రాతినిధ్య చట్టం 126ఏ సెక్షన్ ఎగ్జిట్ పోల్స్ ఎప్పుడు వేయకూడదో చెబుతుందే గానీ, ఎవర్ని ఎలా అడిగారని అడగదు.

కాబట్టి అడగాల్సింది మీరే. అమెరికా సర్వే అయినా, మన టికెట్ సర్వే అయినా, ఎవరు చేశారు, డబ్బులు ఎవరిచ్చారు, ఏ తేదీల్లో, ఎంతమందిని, ఫోన్లోనా ఇంటికి వెళ్లా, అడిగిన ప్రశ్న ఏమిటి అన్నది వార్త కిందే వేయండి. 600 మందిని అడిగితే అటూ ఇటూ 4 శాతం తేడా మామూలే, 46, 43 అని వస్తే “ముందంజ” అని హెడ్డింగ్ పెట్టొద్దు. వివరాలు ఇవ్వకపోతే “వివరాలు ఇవ్వలేదు” అని హెడ్డింగ్‌లోనే రాయండి. చోటు చాలదంటే నాయకుల ఫొటోలు కాస్త చిన్నవి చేస్తే సరిపోతుంది.

ఇట్లు,
విశ్రాంత గణాంక ఉద్యోగి,
గ్రీంస్‌పేట, చిత్తూరు