ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు మారే మా ఖాతాదారులకు: ముందు లెన్సు, ఆ తర్వాతే బాడీ

కాకినాడలోని మా దుకాణంలో కెమెరాలు, లెన్సులు కొనేవారికి, అద్దెకు తీసుకునేవారికి నమస్కారం. ఈ నెల నుంచి మా అమ్మకం పద్ధతిలో ఒక మార్పు చేస్తున్నాం. క్రాప్ సెన్సర్ కెమెరా (వెలుగును ఫోటోగా మార్చే సెన్సర్ చిన్నగా ఉండేది) నుంచి ఫుల్ ఫ్రేమ్‌కు (సెన్సర్ పెద్దగా ఉండేది) మారాలని వచ్చేవారికి, ఆ కెమెరాను ఏ లెన్సులతో వాడబోతున్నారో తేలేదాకా బాడీ (లెన్సు లేని కెమెరా) అమ్మకూడదని నిర్ణయించుకున్నాం. బాడీ, కిట్ లెన్సు (బాడీతో కలిపి ఇచ్చే మామూలు లెన్సు), బ్యాగు, మెమరీ కార్డు కలిపి ఒకే ధరకు ఇస్తూ వచ్చిన సెట్లను కూడా ఆపేశాం. ఇందువల్ల మాకు కొన్ని బేరాలు తప్పిపోతాయి. అయినా ఈ నిర్ణయానికి ఎందుకు వచ్చామో మీకు దాపరికం లేకుండా చెప్పాలి, ఎందుకంటే దీనికి కారణమైన తప్పు నాదే.

కొన్నేళ్ల కిందట తుని వైపు పల్లె నుంచి ఒక పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ వచ్చి నికాన్ డీ750 ఫుల్ ఫ్రేమ్ కెమెరా తీసుకున్నారు. అప్పటికే ఆయన దగ్గర క్రాప్ కెమెరాకు వాడుతున్న 18-140 మి.మీ. జూమ్ లెన్సు (తక్కువ అంకె దగ్గర వెడల్పుగా, ఎక్కువ అంకె దగ్గర దూరానివి పెద్దగా చూపేది) ఉంది. "అన్నా, నా పాత లెన్సు దీనికి పడుతుందా?" అని అడిగారు. "పడుతుంది" అన్నాను. అది అబద్ధం కాదు, లెన్సు చక్కగా బిగుస్తుంది, ఆటోఫోకస్ కూడా పనిచేస్తుంది. కానీ చెప్పవలసిన అసలు మాట నేను చెప్పలేదు. ఆ లెన్సు చిన్న సెన్సర్ కోసం తయారైనది కాబట్టి కెమెరా దాన్ని గుర్తుపట్టి, సెన్సర్ నడిమి భాగాన్ని మాత్రమే వాడుకుంటుంది. 24 మెగాపిక్సెళ్ల ఫోటో 10 మెగాపిక్సెళ్లకు దిగిపోతుంది. ఆయన ఒక పెళ్లి మొత్తం అలాగే తీశారు. 12×36 అంగుళాల ఆల్బమ్ షీటు మీద తలంబ్రాల ఫోటోను ఈ చివర నుంచి ఆ చివర దాకా పరిచినప్పుడు అంగుళానికి 109 పిక్సెళ్లే వచ్చాయి, ఎందుకంటే ఫైలు వెడల్పు 3,936 పిక్సెళ్లే. మొత్తం సెన్సర్‌ను వాడి ఉంటే 6,016 పిక్సెళ్లు, అంటే అంగుళానికి 167 దక్కేవి. పెళ్లికూతురి నగల అంచులు, పట్టుచీర జరీ మసకబారి కనిపించాయి. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ షీట్లను చిన్న ఫోటోలతో మళ్లీ డిజైన్ చేయించి పెళ్లివారికి ఇచ్చి, తర్వాతి ముహూర్తానికి 24-70 అద్దెకు కావాలని వచ్చారు. ఆ అద్దె డబ్బు తీసుకోవడానికి నాకు మనసొప్పలేదు.

ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ కొలత 36×24 మిల్లీమీటర్లు. నికాన్, సోనీ క్రాప్ కెమెరాలలో అది సుమారు 23.5×15.6, కానన్‌లో ఇంకొంచెం చిన్నది. వైశాల్యంలో చూస్తే పెద్ద సెన్సర్ రెండుంపావు రెట్లకు పైగా ఉంటుంది. చిన్న సెన్సర్ కోసం చేసిన లెన్సు తన వెనుక ఏర్పరిచే వెలుగు వలయం కూడా చిన్నదే. అది పెద్ద సెన్సర్ మూలల దాకా చేరదు. కంపెనీని బట్టి దీని ఫలితం వేరుగా ఉంటుంది. క్రాప్ కెమెరాల కోసం చేసిన కానన్ ఈఎఫ్-ఎస్ లెన్సులు ఆ కంపెనీ ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌లకు (లోపల అద్దం ఉండే పాత తరహా కెమెరాలకు) అసలు బిగవవు. ఆర్ వరుస మిర్రర్‌లెస్‌లకు (అద్దం లేని కొత్త తరహా కెమెరాలకు) అడాప్టర్‌తో బిగుస్తాయి కానీ ఫోటో క్రాప్ అవుతుంది. 20 మెగాపిక్సెళ్ల ఆర్6లో 8 మెగాపిక్సెళ్ల లోపే మిగులుతాయి. సోనీ ఏ7 వరుసలో కూడా క్రాప్ లెన్సు పెడితే ఇదే జరుగుతుంది. కాబట్టి "పడుతుందా" అన్న ప్రశ్నకు ఇకపై మా దుకాణంలో ఒక్క మాటలో జవాబు రాదు. ఎన్ని మెగాపిక్సెళ్లు మిగులుతాయో లెక్క వేసి కాగితం మీద రాసి ఇస్తాం.

ఇప్పుడు ఎక్కువ మందికి నష్టం కలిగిస్తున్న అసలు విషయానికి వస్తాను. క్రాప్ కెమెరాతో పాటు టామ్రాన్ 17-50 ఎఫ్ 2.8 (ఎఫ్ అంకె ఎంత తక్కువైతే లెన్సు అంత ఎక్కువ వెలుగు లోపలికి పంపుతుంది) లాంటి మంచి జూమ్ వాడుతున్నవారు, ఫంక్షన్ హాళ్లలో చీకటి ఇబ్బంది పెడుతోందని ఫుల్ ఫ్రేమ్‌కు మారాలనుకుంటారు. బాడీ కొనేసరికి డబ్బు అయిపోతుంది. దానితో పాటు వచ్చే 28-70 ఎఫ్ 3.5-5.6 కిట్ లెన్సుతో సరిపెట్టుకుంటారు. పెద్ద సెన్సర్ వల్ల దక్కే వెలుగు లాభం ఇందాక చెప్పిన రెండుంపావు రెట్లు. జూమ్ చివర ఎఫ్ 2.8 నుంచి ఎఫ్ 5.6కు పడిపోవడం వల్ల పోయే వెలుగు నాలుగు రెట్లు. అంటే పెళ్లికూతురి ముఖాన్ని దగ్గరగా తీసే సమయంలో, పాత కెమెరాతో వచ్చిన ఫోటో కంటే కొత్త ఫోటోలోనే గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలు) ఎక్కువగా కనిపిస్తుంది. అప్పు చేసి మరీ కొన్నవారికి ఇలా జరగడం నేను చూశాను, అందులో కొన్ని బిల్లులు నా చేతితో రాసినవే. క్రాప్ మీద ఎఫ్ 2.8 ఇచ్చే ఫలితానికి ఫుల్ ఫ్రేమ్ మీద ఎఫ్ 4 దాదాపు సమానం. లెన్సు అంతకంటే చీకటిదైతే మారడంలో అర్థం లేదు. కాబట్టి మీ దగ్గర ఉన్న సొమ్ము కొత్త బాడీకి, కిట్ లెన్సుకు మాత్రమే సరిపోతుంటే, కొత్త బాడీకి బదులు వాడిన పాత ఫుల్ ఫ్రేమ్ బాడీ తీసుకుని మిగిలిన డబ్బును లెన్సు మీద పెట్టమని చెబుతాం. అదీ కుదరకపోతే ఉన్న క్రాప్ కెమెరాతోనే ఇంకో ఏడాది నడపమంటాం. ఈ సలహా వల్ల పోయే బేరం గురించి మాకు బెంగ లేదు.

ఏ లెన్సు కావాలో తేల్చుకోవడానికి మీరు ఇప్పటిదాకా తీసిన ఫోటోలే ఆధారం. ప్రతి ఫైలులోనూ దాన్ని ఏ ఫోకల్ లెంగ్త్ (మి.మీ. అంకె) దగ్గర, ఏ అపర్చర్‌తో (ఎఫ్ అంకె) తీశారో నమోదై ఉంటుంది. మీ గత రెండు మూడు పెళ్లిళ్ల ఫైళ్లు తెస్తే మేము వాటిని వరుసగా పెట్టి చూస్తాం. క్రాప్ కెమెరాలో 18 మి.మీ. (ఫుల్ ఫ్రేమ్‌లో దాదాపు 27కు సమానం) దగ్గర తీసినవి ఎక్కువగా ఉంటే మీకు మండపం మీద చోటు చాలడం లేదని అర్థం. జీలకర్ర బెల్లం పెట్టించే వేళ అడ్డుతెర పక్కన, పురోహితుడికీ వీడియో అతనికీ మధ్య ఇరుక్కుని నిలబడేవారికి 24 మి.మీ., 28 మి.మీ. మధ్య తేడా చిన్నది కాదు. ఫుల్ ఫ్రేమ్‌లో 24 మి.మీ. అడ్డంగా దాదాపు 74 డిగ్రీలు చూస్తుంది, 28 మి.మీ. దాదాపు 65 డిగ్రీలు చూస్తుంది. సోనీ కోసం 2018లో వచ్చిన టామ్రాన్ 28-75 ఎఫ్ 2.8 నాకు చాలా ఇష్టమైన లెన్సు. బరువు 550 గ్రాములే, రోజంతా భుజాన మోసినా నొప్పి ఉండదు. అదే సోనీ మొదటి జీఎమ్ (ఆ కంపెనీ అగ్రశ్రేణి లెన్సుల వరుస) 24-70 అయితే 886 గ్రాములు. అయినా ఇరుకు మండపాలలో పనిచేసేవారికి ఆ నాలుగు మిల్లీమీటర్ల కోసం 24-70నే వెతుక్కోమని చెబుతాను.

50 మి.మీ. ఎఫ్ 1.8 గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే అది దాదాపు ప్రతి ఫోటోగ్రాఫర్ సంచిలోనూ ఉంటుంది. సెన్సర్ చిన్నది కావడంతో క్రాప్ కెమెరా మీద అది ఒకటిన్నర రెట్లు, అంటే 75 మి.మీ. లాగా పనిచేసింది, పెళ్లికూతురి ముఖానికి చక్కగా కుదిరింది. ఫుల్ ఫ్రేమ్ మీద పెట్టేసరికి ఫ్రేమ్ వెడల్పైపోతుంది. అదే ముఖాన్ని అంతే పెద్దగా తీయాలంటే మీరు ఇంకా దగ్గరకు జరగాలి, దగ్గరకు జరిగితే ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టుగా కనిపిస్తాయి. "కొత్త కెమెరాలో ముఖాలు బాగా రావడం లేదు" అని వచ్చినవారిలో చాలామందికి జరిగింది ఇదే. కెమెరాలో లోపం లేదు, వారికి కావలసింది 85 మి.మీ. లెన్సు. మరోవైపు, క్రాప్ మీద 35 మి.మీ. దగ్గర ఎక్కువ తీసినవారికి ఇప్పుడు ఆ పాత 50 అచ్చంగా సరిపోతుంది, దాన్ని అమ్మేయకండి.

ఎఫ్ 2.8 జూమ్ కొన్నవారు మరో ఇబ్బందితో తిరిగివస్తారు. తలంబ్రాల సమయంలో పెళ్లికూతురి కళ్లు స్పష్టంగా ఉంటాయి, అడుగు వెనక ఉన్న పెళ్లికొడుకు ముఖం కాస్త మెత్తబడుతుంది. ఫ్రేమ్ అంతే ఉంచి తీస్తే పెద్ద సెన్సర్‌లో ఫోకస్‌లో ఉండే లోతు తగ్గడమే దీనికి కారణం. ఇద్దరూ కావాలంటే ఎఫ్ 4కో 5.6కో దిగి ఐఎస్ఓ (తక్కువ వెలుగులోనూ ఫోటో వెలుగ్గా వచ్చేలా చేసే సెట్టింగు) పెంచుకోవాలి, రెండు వరసల బంధువుల గ్రూపు ఫోటోకు ఇంకా దిగాలి. అందుకే ఆరుబయట, వెలుతురులో, వీడియో ఎక్కువగా చేసేవారికి 24-105 ఎఫ్ 4 గానీ, నికాన్ జెడ్ (ఆ కంపెనీ మిర్రర్‌లెస్ వరుస) వారైతే 2022లో వచ్చిన 24-120 ఎఫ్ 4 గానీ సూచిస్తున్నాం. రాత్రి ముహూర్తాల వారికి మాత్రం 2.8నే.

పాత ఫుల్ ఫ్రేమ్ లెన్సులు ఉన్నవారు తొందరపడి అన్నీ మార్చనక్కర లేదు. కానన్‌లో 1987 నుంచి వచ్చిన ఈఎఫ్ లెన్సులు ఆ కంపెనీ అడాప్టర్‌తో ఆర్ కెమెరాల మీద ఆటోఫోకస్‌తో సహా బాగా పనిచేస్తాయి. నికాన్ వారు మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. పాత డీ రకం లెన్సులలో చాలావాటికి లోపల ఫోకస్ మోటారు లేదు, వాటిని జెడ్ కెమెరాకు బిగించే నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లోనూ మోటారు ఉండదు. మీరు ఎంతో ఇష్టపడి దాచుకున్న మోటారు లేని 80-200 ఎఫ్ 2.8 డీ, జెడ్ కెమెరా మీద చేత్తో తిప్పి ఫోకస్ చేసుకోవలసిన లెన్సు అవుతుంది. పెళ్లిలో అది పనికిరాదు.

కోరింగ మడ అడవులకు, కొల్లేరుకు పక్షుల కోసం వెళ్లే మిత్రులకు ఒక మాట. క్రాప్ కెమెరా మీద మీ 70-300 చివర 450 మి.మీ. లాగా పనిచేస్తోంది. ఫుల్ ఫ్రేమ్‌కు మారిన రోజున అది మళ్లీ 300 అయిపోతుంది, గూడబాతు ఫ్రేమ్‌లో చిన్నదైపోతుంది. డీ850 లాంటి 45 మెగాపిక్సెళ్ల కెమెరా అయితే క్రాప్ చేసినా 19 మెగాపిక్సెళ్లు మిగులుతాయి. 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో ఆ వెసులుబాటు లేదు. 150-600 లాంటి పొడవైన లెన్సు కొనే ఉద్దేశం లేకపోతే పక్షుల కోసం మీ క్రాప్ బాడీని ఉంచుకోండి.

వాడిన లెన్సుల అమ్మకంలో కూడా ఒక మార్పు ఉంది. సముద్రపు గాలి తగిలే ఊరు కావడంతో ఇక్కడ ఫంగస్ బెడద ఎక్కువ. గత వర్షాకాలం తర్వాత మా అద్దె లెన్సులలోనే రెండింటిలో సాలెగూడు లాంటి మరకలు కనిపించాయి. వాటిని తీసేశాం, మిగిలినవాటిని తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండే డ్రై క్యాబినెట్‌లోకి మార్చాం. ఇకపై వాడిన లెన్సు ఏది అమ్మినా, అపర్చర్ పూర్తిగా తెరిచి, ముందు నుంచీ వెనుక నుంచీ టార్చి వేసి మీ కళ్ల ముందే చూపించాకే బిల్లు రాస్తాం.

మీ పాత క్రాప్ లెన్సులను మార్పిడికి తీసుకుంటాం గానీ, మీరు ఆశించే ధర రాకపోవచ్చు. పెద్ద కంపెనీలు కొత్త లెన్సుల తయారీని మిర్రర్‌లెస్ వైపు మళ్లించాక డీఎస్ఎల్ఆర్ లెన్సులను అడిగేవారు బాగా తగ్గారు. బంధువుల పిల్లలెవరైనా ఫోటోగ్రఫీ నేర్చుకుంటుంటే, మాకు ఇవ్వడం కంటే వారికి ఇవ్వడం మేలని చాలామందికి చెబుతున్నాను.

కొనబోయే లెన్సును ముందుగా రెండు రోజులు అద్దెకు తీసుకుని ఒక నిజమైన పనిలో వాడి చూడండి. నెలలోగా మా దగ్గరే కొంటే ఆ అద్దె మొత్తాన్ని ధరలో తగ్గిస్తాం. మాఘం, వైశాఖం, శ్రావణం ముహూర్తాలలో అద్దె లెన్సులన్నీ ముందే బుక్ అయిపోతాయి కాబట్టి ఆ రోజుల్లో ఈ సౌకర్యం ఇవ్వలేం. ఆషాఢంలో గానీ, మూఢం రోజుల్లో గానీ, ఎడిట్ చేయని ఫైళ్లున్న హార్డ్ డిస్కు, మీ లెన్సులన్నీ తీసుకుని ఉదయం పూట రండి. ఒక్కొక్కరికి గంటన్నర పడుతుంది, ఆ సమయానికి మేము ఏ రుసుమూ తీసుకోం.