డయాథెసిస్‌ను వ్యాధి అనొద్దు

సంపాదకులకు నమస్కారం.

'బ్లీడింగ్ డయాథెసిస్' (నెత్తురు తేలిగ్గా కారే, త్వరగా ఆగని తీరు) అన్న మాటను మీ ఆరోగ్యం పేజీలో 'వంశపారంపర్య రక్తస్రావ వ్యాధి' అని రాశారు. డయాథెసిస్ వ్యాధి కాదు, ప్రతిసారీ వంశం నుంచి వచ్చేదీ కాదు.

గ్రీకులో 'తిథేమి' అంటే పెట్టడం. నిధి, విధి, సంధి అనే మాటలకు మూలమైన మన 'ధా' ధాతువుకు అది చుట్టమే. ముందు 'డియా' చేరి డయాథెసిస్ అయింది: ఒంటి అమరిక, ఉన్న తీరు. ఫలానా జబ్బు వైపు ఒరిగిన ఒళ్లు అని వైద్యంలో అర్థం. తెలుగులో 'మొగ్గు' అంటే చక్కగా సరిపోతుంది. సుశ్రుతుడు కూడా శుక్రశోణిత దోషంతో, అంటే తల్లిదండ్రుల బీజదోషంతో వచ్చేవాటిని ఆదిబల ప్రవృత్తాలనీ, గర్భిణి అపచారంతో (సరికాని తిండీ నడవడీ వల్ల) బిడ్డకు వచ్చేవాటిని జన్మబల ప్రవృత్తాలనీ విడదీశాడు. మనమే రెంటినీ కలిపేస్తున్నాం.

ఆపరేషన్‌కు ముందు చీటీపై ఈ మాట రాస్తే కంగారు పడనక్కర్లేదు. పన్ను పీకించాక మర్నాటికీ నెత్తురు ఆగలేదా, చిన్న దెబ్బకే ఒళ్లు కమిలిందా అని అడిగి ప్లేట్‌లెట్లు, పీటీ, ఏపీటీటీ చూస్తారు. చివరి రెండూ నెత్తురు గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని కొలిచే పరీక్షలు. నెత్తురు సరిగా గడ్డకట్టని పుట్టు లోపమైన హీమోఫిలియాలో సాధారణంగా మొదటి రెండూ బాగుండి ఏపీటీటీ పెరుగుతుంది. తేలికపాటి రకంలో అదీ మామూలుగా రావచ్చు. ఆ లోపం తల్లి వైపు నుంచి దిగుతుంది కనక మేనమామల సంగతి చెప్పాలి. తండ్రి వైపు చూసుకుని 'మా ఇంట్లో ఎవరికీ లేదు' అంటే లాభం లేదు. ఇక కాలేయం చెడినా, నెత్తురు గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మాత్ర వాడుతున్నా ముందు పెరిగేది పీటీ. అక్కడ వంశం ఊసే లేదు, మొగ్గు మాత్రం ఉంది.

వంశం నుంచి వచ్చిందా, కాదా అన్న ఈ తేడా మన నల్లగొండ జిల్లాలో మరీ అవసరం. మర్రిగూడ వైపు తాత, తండ్రి, కొడుకు ముగ్గురి పళ్లకూ గోధుమరంగు చారలుంటే వంశంలోనే ఉందనుకోవడం తేలిక. వాళ్లంతా తాగింది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించి ఫ్లోరైడ్ ఉన్న ఒకే బోరు నీళ్లు. పంటిపై గట్టి పొర చిన్నతనంలోనే తయారవుతుంది. అందుకే మంచినీళ్ల ఊరి నుంచి వచ్చిన కోడలికి పళ్లు తెల్లగానే ఉంటాయి. ఏళ్ల తరబడి ఆ బోరు నీళ్లే తాగితే మాత్రం నడుమూ కీళ్లూ ఆమెకూ బిగుసుకుంటాయి.

– ఇద్దరు వైద్యులు, నల్లగొండ