ఈ దసరాకు మన అంగడిలో మారేవి

బెంగళూరు మల్లేశ్వరంలోని మన బొమ్మల అంగడికి ఏళ్ల తరబడి వస్తున్న అందరికీ నమస్కారం. మహాలయ అమావాస్య దగ్గర పడుతోంది. ఫోన్లో ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం కుదరక అన్నీ ఇక్కడే రాస్తున్నాను.

ముందు ధరల సంగతి. కొండపల్లి బొమ్మల వెల పెరిగింది. తెల్లపొణికి కర్ర దొరకడం అక్కడ ఏటేటా కష్టమవుతోంది. పైగా అది తొందరగా తెమిలే పని కాదు. కర్ర ఎండబెట్టి, ఒళ్లూ తలా చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల పొడిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, సున్నం పూసి, ఆరాక రంగులు వేస్తారు. ఇంత పని చేసినవాళ్లు కూలి గిట్టాలని అడిగితే బేరమాడడానికి నాకు నోరు రాలేదు. నా లాభం కొంత తగ్గించుకున్నాను, అయినా నిరుటి ధరకు ఇవ్వలేను.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మలు ఈసారి తేలేదు, ఇకమీదట తేను. చవకగా ఉంటాయని చాలామంది అడుగుతున్నారని తెలుసు. బరువు మోయలేనివాళ్లకు కాగితపు గుజ్జు బొమ్మలున్నాయి. మట్టివి కంచి నుంచి, పన్రుట్టి నుంచి వచ్చాయి.

అసలు ఈ ఏడు నేను మిమ్మల్ని అడిగేది వేరే. కొత్తవి కొనే ముందు అటక మీది పెట్టె దించండి. ముక్కు విరిగిన కృష్ణుడు, రంగు పోయిన చెట్టియారు దంపతులు, ఏవున్నా తీసుకురండి. మరమ్మతుకు అంగడిలో ఒక మూల కేటాయించాం. ఎంతవుతుందో ముందే చెబుతాం. దయచేసి మట్టి బొమ్మలను నీళ్లతో కడగకండి, ఇంట్లో మిగిలిన పెయింటు పూయకండి. మెత్తని బ్రష్షుతో దుమ్ము దులిపి, పాత నూలుబట్టలో చుట్టి తెస్తే చాలు. కొత్త బొమ్మ అమ్మితే వచ్చినంత దీనిలో రాదు. అయినా అమ్మమ్మ పెట్టిన బొమ్మ మళ్లీ మెట్టెక్కితేనే మనుమరాలు "ఇది ఎవరిది?" అని అడుగుతుంది. బొమ్మల కొలువు పిల్లలకు అందేది ఆ ప్రశ్నతోనే.

మన వీధుల్లో ఉన్న సంపద గురించి ఒక్క మాట. కన్నడిగుల ఇంట బొంబె హబ్బానికి, అంటే బొమ్మల పండుగకు, పట్టద గొంబె అనే రాజారాణుల బొమ్మలు పై మెట్టు మీద కూర్చుంటాయి. 1610లో రాజ ఒడెయరు శ్రీరంగపట్నంలో మొదలుపెట్టిన దసరా జ్ఞాపకం ఆ జంటలో ఉంది. పక్కింటి తమిళుల కొలువులో మరపాచి అనే చెక్కబొమ్మల జంట. మన తెలుగువాళ్లలో సీమ వైపువాళ్లు ఎక్కువగా దసరాకు పెడితే, కోస్తా నుంచి వచ్చినవాళ్లు చాలామంది సంక్రాంతికి పెడతారు. చన్నపట్న బొమ్మా ఏటికొప్పాక బొమ్మా పక్కపక్కన పెట్టి చూడండి. చన్నపట్నంలో ఆలె మర అంటారు, ఏటికొప్పాకలో అంకుడు కర్ర అంటారు, రెండూ ఒకే చెట్టు. రెండు చోట్లా తిరిగే కర్రకు రంగు లక్క అదిమితే ఆ రాపిడి వేడికే లక్క కరిగి పడుతుంది, మొగలి ఆకుతో నునుపు చేస్తారు. ఇదంతా ఒకే వీధిలో, తలుపుల వెనక ఉంది. అపార్ట్‌మెంట్లలో ఎవరింట కొలువుందో ఎదురు ఫ్లాటువాళ్లకే తెలియడం లేదు. పేరంటానికి పిలిచే చుట్టాలు ఊరి ఇంకో చివర ఉన్నారు, ట్రాఫిక్‌లో రాలేరు.

అందుకని అంగడి ముందు ఒక బోర్డు పెడుతున్నాను. ముక్కూముఖం తెలియనివాళ్లు వచ్చినా సరే అనుకునే ఇళ్ల పేర్లు, ఏ సాయంత్రం ఏ వేళకు రావచ్చో అందులో రాస్తాం. చిరునామా బోర్డు మీద ఉండదు, చూడాలనుకున్నవాళ్లు అంగడిలో అడిగి తెలుసుకోవాలి. ఆడవాళ్లకే అన్న నియమం లేదు. కొలువు పెట్టుకునే వీలు లేని హాస్టలు పిల్లలు, అద్దె గదుల్లో ఉండే ఉద్యోగులు తప్పకుండా రావాలని నా కోరిక. ఇంటివాళ్లు ఒప్పుకుంటే బొమ్మల కథలు వాళ్ల గొంతులోనే రికార్డు చేసి వాళ్లకే ఇస్తాం. సంక్రాంతికి కొలువు పెట్టేవారి కోసం ఇదే బోర్డు మళ్లీ పెడతాం.

నగరం చేయాల్సిందీ ఉంది. కలకత్తా దుర్గాపూజను 2021లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ విగ్రహాలు చేసేవాళ్లు కుమార్‌టులి సందుల్లోనే ఉంటారు, ఎవరైనా నడుచుకుంటూ వెళ్లి చూడొచ్చు. మనకూ కుమ్మరులుండే పాటరీ టౌన్ ఉంది. అక్కడివాళ్లకు చెరువుమట్టి దొరకడమే గగనమైపోతోంది. చెరువుల్లో పూడిక తీసేటప్పుడు పనికొచ్చే మట్టి వాళ్లకు ఇప్పించినా, వార్డు గ్రంథాలయంలో పండుగ పది రోజులు ఒక కళాకారుడికి చోటిచ్చినా ఎంతో మేలు. సంగ్రహాలయంలో అద్దం వెనక పెట్టడం తప్పనను. కానీ చేసే చెయ్యి, పెట్టే ఇల్లు ఉంటేనే అది పండుగ.

బోర్డులో పేరు రాయించుకునేవాళ్లు, మరమ్మతుకు ఇచ్చేవాళ్లు అమావాస్యకు వారం ముందే రండి. రంగు ఆరడానికి రోజులు పడతాయి. సోమవారం సెలవు, మిగతా రోజుల్లో రాత్రి తొమ్మిది దాకా ఉంటాం.