ఆ నవల మా పిల్లలు చదవనివ్వండి

సంపాదకుడు గారికి,

మేముండేది న్యూజెర్సీలో. మావాడు తొమ్మిదో తరగతి. ఈ మధ్య వాళ్ల క్లాసులో వాల్టర్ డీన్ మైయర్స్ నవల ‘మాన్‌స్టర్’ మొదలుపెట్టగానే మన తెలుగు పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో గోల మొదలైంది, హత్యలూ జైళ్లూ మన పిల్లలకెందుకు, వేరే పుస్తకం ఇమ్మని స్కూలుకు లెటర్ రాద్దాం అని. నన్నూ సంతకం పెట్టమన్నారు. పెట్టలేదు.

అబద్ధమెందుకు, ముందు నాకూ టెన్షన్ వచ్చింది. అందుకే నేనే చదివాను. సినిమా స్క్రిప్టులా రాశారు కాబట్టి రెండు రాత్రుల్లో అయిపోయింది. న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో ఓ మందుల షాపులో దోపిడీ జరిగి యజమాని చనిపోతాడు. లోపల ఎవరైనా ఉన్నారేమో ముందుగా చూసి వచ్చింది స్టీవ్ హార్మన్ అనే 16 ఏళ్ల నల్లజాతి కుర్రాడని కేసు. తుపాకీ పేల్చింది వాడు కాదు, అయినా దోపిడీలో చెయ్యి ఉంటే హత్యలోనూ ఉన్నట్టే అంటుంది అక్కడి చట్టం. పైగా పెద్దవాళ్లతో పాటే జైలు, పెద్దవాళ్లలాగే విచారణ. ఈ నవల 1999లో వచ్చింది, 16 ఏళ్లవాళ్లను అలా చూడకూడదని న్యూయార్క్‌లో చట్టం చేసింది 2017లో. మన ఇండియాలో ఇలాంటివి ఉండవులే అనకండి, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం ఘోరమైన నేరమైతే 16 నిండిన పిల్లల్ని బోర్డు పరిశీలించి పెద్దవాళ్లలా విచారణకు పంపొచ్చు.

నన్ను పట్టుకున్నది మాత్రం చట్టం కాదు. ప్రాసిక్యూటర్ మొదట్లోనే ‘మాన్‌స్టర్’, అంటే రాక్షసుడు, అన్న మాట వాడుతుంది, ఆ కుర్రాడు కోర్టులో కూర్చుని నోట్‌ప్యాడ్ నిండా అదే మాట రాసుకుంటూ ఉంటే పక్కనున్న వాడి లాయరమ్మ పెన్సిల్ తీసుకుని కొట్టేస్తుంది. లెక్కల్లో మార్కులు తగ్గాయని మావాణ్ణి నేను ‘మొద్దు’ అన్న రోజులున్నాయి. వాడెక్కడ రాసుకున్నాడో.

కేసు గెలిచాక సంతోషంతో చేతులు చాపిన స్టీవ్‌ను ఆ లాయరమ్మ దగ్గరకు తీసుకోదు, పక్కకు తిరిగిపోతుంది. వాడిలో ఆవిడకేం కనిపించిందని మావాడూ నేనూ రాత్రి పదకొండు దాకా వాదించుకున్నాం. మామూలుగా వాడి నోట నాలుగు మాటలు రావాలంటే వైఫై ఆపేయాలి!

సంతకాలు పెట్టినవాళ్లలో పుస్తకం చదివినవాళ్లు ఎంతమందని గ్రూపులో అడిగాను. ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. నా కాపీ ఇంట్లో ఊరికే ఉంది, కావాల్సినవాళ్లు వచ్చి తీసుకెళ్లొచ్చు.

ఇట్లు,
ఒక తల్లి, న్యూజెర్సీ