చెట్టుకి కట్టిన కుండ

సియాటిల్,
ఆదివారం రాత్రి

నాన్నా,

ఫోన్‌లో అయితే రెండు నిమిషాలు కాగానే అమ్మకి ఇచ్చేస్తావు. అందుకే రాస్తున్నాను.

నిన్న కెన్నెవిక్ వెళ్ళాం, ఇక్కణ్ణుంచి మూడున్నర గంటల దారి. ఊరి పక్కనే కొలంబియా నది. వెడల్పులో మన గోదావరంత కాదులే. 1996 జులైలో పడవ పందేలు చూడ్డానికొచ్చిన ఇద్దరు కుర్రాళ్ళకి ఆ నీళ్ళలో ఒక పుర్రె దొరికింది. మొదట హత్యేమో అనుకున్నారట. తీరా ఎముకలన్నీ ఏరి చూస్తే తుంటిలో రాతి ఈటె మొన దిగబడి ఉంది. దాదాపు 8,500 ఏళ్ళ కిందటి మనిషి!

యాకమా, ఉమటిల్లా, కోల్విల్ లాంటి ఐదు ఇక్కడి ఆదివాసీ తెగల వాళ్ళు ఆయన మా పెద్దాయన, ఇచ్చేస్తే మట్టి చేసుకుంటాం అన్నారు. ఆ ఎముకల్ని పరిశోధించాలని ఎనిమిది మంది శాస్త్రవేత్తలు కోర్టుకెక్కారు. ఆదివాసీల పూర్వీకుల ఎముకలు వాళ్ళ తెగలకే తిరిగివ్వాలని 1990 నాటి చట్టం ఉంది కానీ, అంత పాత మనిషికీ ఈ తెగలకీ చుట్టరికం రుజువు కాలేదని 2004లో అప్పీలు కోర్టు తేల్చింది. ఎముకలు మా ఊరి బర్క్ మ్యూజియంలోనే ఉండిపోయాయి. తెగల వాళ్ళు అక్కడికే వచ్చి ప్రార్థనలు చేసుకుని వెళ్ళేవారట.

అది వినగానే తాతయ్య గుర్తొచ్చాడు. నాకు టికెట్ దొరక్క, అస్థికల కుండ శ్మశానం దగ్గర రావిచెట్టుకి నాలుగు రోజులు వేలాడింది కదా. పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా వెళ్ళి చూసొచ్చేవాడివని అమ్మ చెప్పింది. నాలుగు రోజులకే నీకంత టెన్షన్. వీళ్ళకి ఇరవై ఏళ్ళు పట్టింది.

చివరికి 2015లో డీఎన్ఏ పరీక్ష వీళ్ళ మాటే నిజమని చెప్పింది. కోల్విల్ వాళ్ళు పోల్చుకోడానికి తమ నమూనాలు కూడా ఇచ్చారు. మరుసటేడు డిసెంబరులో ప్రత్యేకంగా చట్టం చేసి, 2017 ఫిబ్రవరిలో అప్పగించారు. మర్నాడే ఎక్కడో గుట్టుగా పూడ్చారు. నువ్వు సైన్సు మాస్టారివి, శాస్త్రవేత్తల పక్షమే అంటావు. పరీక్ష లేకపోతే ఇచ్చేవాళ్ళే కాదు, అదీ నిజమే. కానీ మన తాత అని చెప్పుకోడానికి మనల్నెవరూ రక్తం అడగలేదుగా నాన్నా.

అన్నట్టు, శ్మశానం రోడ్డు వెడల్పు చేస్తున్నారన్నావు. ఆ రావిచెట్టు ఉంచారా, కొట్టేశారా? ఈసారి ఫోన్ చేసినప్పుడు చెప్పు.

నీ చిన్నోడు